బోరు నీళ్లు పట్టిన కాసేపటికి నల్లబడుతున్నాయి, కుళాయి మూతికి మసిలాంటి జిడ్డు పడుతోంది. ఐరనేనా? తాగితే ఏమవుతుంది?

ఐరన్ అయితే మరక తుప్పు రంగులో ఉంటుంది. మీరు చెప్పినట్టు కుళాయి మూతికి మసిలాంటి జిడ్డు పడుతోందంటే నా ఓటు మాంగనీస్‌కే, అదీ ఐరన్ లాంటి ఒక లోహమే. మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పల్లె. గర్భాం, కోడూరు, గరివిడి చుట్టూ 1890ల నుంచీ మాంగనీస్ తవ్వుతున్న నేల. నేను ఆ నలుపు చూస్తూనే పెరిగాను.

బోరులోంచి వచ్చేటప్పుడు నీళ్లు తేటగానే ఉంటాయి. గాలి తగిలాక నెమ్మదిగా రంగు తిరుగుతాయి, క్లోరిన్ తగిలితే ఇంకా త్వరగా. పంద్రాగస్టు ముందురోజు నా తెల్ల చొక్కా మీద సిరా పడిందని అమ్మ బోరు నీళ్లలో బ్లీచింగ్ కలిపి నానబెట్టింది. కాసేపటికి బకెట్లో నీళ్లు టీ రంగుకి తిరిగాయి. చొక్కా పైకి తీస్తే కాలరు మడతల్లో, జేబు కుట్ల వెంబడి గోధుమరంగు చారలు. మరకలు పోలేదని అమ్మ ఇంకో గుప్పెడు బ్లీచింగ్ వేసింది, అవి ఇంకా ముదిరాయి. పక్కింటి పిన్ని నిమ్మ ఉప్పు తెచ్చి రుద్దితేగానీ వదల్లేదు. మర్నాడు జెండా వందనానికి ఆరీ ఆరని చొక్కాతోనే వెళ్లాను.

ఫిల్టర్లు అమ్మేవాళ్ల సంగతి కూడా చెప్పాలి. మా ఇంటికొచ్చిన కుర్రాడు గ్లాసులో టీడీఎస్ మీటరు ముంచి, "నంబరు బాగుందమ్మా, నీళ్లు సూపర్" అన్నాడు. "ఏటి బాబూ, మరి బిందెకి ఈ నలుపేటి?" అంది అమ్మ. ఆ మీటరు మొత్తం లవణాలను ఉజ్జాయింపుగా చూపిస్తుంది, అంతే. మన తాగునీటి ప్రమాణంలో మాంగనీస్ హద్దు లీటరుకు 0.1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరక్కపోతే 0.3. అంత చిన్న లెక్క దానికెక్కడ అందుతుంది?

ఇక ఆరోగ్యం. ఒంటికి మాంగనీస్ కాస్త కావాలి, ఎక్కువైతే మెదడులో చేరుతుంది. 1837లోనే గ్లాస్గోలో కూపర్ అనే వైద్యుడు ఈ ఖనిజం నూరే కూలీల కాళ్లు పట్టు తప్పడం, మాట సన్నబడడం గురించి రాశాడు. చూడ్డానికి పార్కిన్సన్స్‌లా (వణుకుడు జబ్బులా) ఉంటుంది కానీ ఆ మందులకు పెద్దగా లొంగదు. అది ఎక్కువగా దుమ్ము పీల్చేవాళ్ల జబ్బు, నీళ్లు తాగే మీకు అంత టెన్షన్ అక్కర్లేదు. నీళ్ల విషయంలో భయం పిల్లల గురించే. బంగ్లాదేశ్‌లోనూ, కెనడాలోని క్యూబెక్‌లోనూ చేసిన అధ్యయనాల్లో నీళ్లలో మాంగనీస్ పెరిగేకొద్దీ పిల్లల ఐక్యూ స్కోర్లు తగ్గాయి. డబ్బాపాలు కలపడానికి మాత్రం ఈ నీళ్లు వాడకండి. మరిగిస్తే పోతుందనుకుంటారు, పోదు. నీరు ఆవిరై మాంగనీస్ చిక్కబడుతుంది.

చెరువుల గోల ఎవరికీ పట్టదు. వానాకాలం గనుల డంపుల (తవ్వి పోసిన మట్టి గుట్టల) మీది నీళ్లు నేరుగా చెరువులోకే. ఎండాకాలం అడుగున ఆక్సిజన్ తగ్గితే, బురదలో పేరుకున్న మాంగనీస్ మళ్లీ కరిగి పైకొస్తుంది. చేపల మొప్పల మీద పేరుకుంటే వాటికి ఊపిరి ఆడదు. మా చెరువులో చేప తగ్గడానికి కారణం ఇదేనని నా గట్టి నమ్మకం, ఎవరేమన్నా సరే.

మీ నీళ్లు ల్యాబ్‌కి ఇచ్చేటప్పుడు "మాంగనీస్" అని విడిగా రాయించండి. లేదంటే ఐరన్ ఒక్కటే చూసి రిపోర్టు చేతిలో పెడతారు.