ఉచితం ఉండగా కొనడం దేనికి?

ప్రశ్న: గూగుల్ డాక్స్ ఉచితంగా దొరుకుతుండగా డబ్బు పెట్టి మైక్రోసాఫ్ట్ ఆఫీస్ కొనడం దండగ కాదా?

జవాబు: మీరు చేసే పనేమిటో చెప్పలేదు, చిక్కంతా అక్కడే ఉంది. నలుగురు కలిసి ఒకే నివేదిక రాసేటప్పుడు నా ఓటు డాక్స్‌కే. అందరూ నెట్‌లో ఒకే ఫైలులో రాస్తారు కాబట్టి ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’, ‘ఇదే అసలు ఫైనల్’ అంటూ మెయిళ్లలో తిరిగే ఫైళ్ల బెడద తప్పుతుంది.

భారీ లెక్కల దగ్గర మాత్రం నేను ఆఫీస్‌లోని లెక్కల పట్టిక ఎక్సెల్‌ను వదలను. గూగుల్ వారి లెక్కల పట్టిక ‘షీట్స్’లో ఫైలు మొత్తానికి కోటి గడులే పరిమితి; ఎక్సెల్‌లో ఒక్క షీటుకే 10,48,576 అడ్డు వరుసలు, 16,384 నిలువు వరుసలు. పైగా ఎక్సెల్ మాక్రోలు (పదేపదే చేసే పనుల్ని వాటంతటవే చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములు) షీట్స్‌లో నేరుగా నడవవు. పాత మాక్రోల మీద బతికే లెక్కల విభాగాన్ని కదిలించి చూడండి, తెలుస్తుంది!

అన్నట్టు, మైక్రోసాఫ్ట్ కూడా 2010 నుంచి బ్రౌజరులో వర్డ్, ఎక్సెల్ ఉచితంగానే ఇస్తోంది. హంగులు కొన్ని తక్కువ, అంతే. నెట్ సరిగా అందనివారికి, నెట్ లేకున్నా కంప్యూటర్‌లో నడిచే లిబ్రేఆఫీస్ ఉంది, అదీ ఉచితమే.