జపాన్ గుళ్లకి అంత పెద్ద కప్పు ఎందుకు? ఆ తలుపుల్లేని గేటేంటి?

మీరు ఫోటోలు చూసి అడిగినవి రెండు: గుడి కంటే కప్పే పెద్దగా కనిపిస్తుందేం, తలుపుల్లేని ఆ ఎర్ర గేటుతో పనేంటి అని. ఉద్యోగం మీద మూడేళ్లు ఒసాకాలో ఉన్నాను. ఇంజినీరునే కానీ కట్టడాలకి కాదు, కంప్యూటర్లకి. కాబట్టి తిరిగి చూసిందీ, అక్కడివాళ్లని అడిగి తెలుసుకున్నదీ చెప్తాను.

కప్పు సంగతి నాకు నారా ఊళ్లో వానకి ఇరుక్కున్నప్పుడు తలకెక్కింది. జూన్‌లో అక్కడ ముసురు. తోదైజీ అనే బౌద్ధ గుడికి దక్షిణాన ఉన్న నందైమోన్ అనే పెద్ద ద్వారం కింద, జింకలతో పాటు గంటసేపు నిలబడిపోయాను. బయట కుండపోత, స్తంభాల మొదళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి. చూరు నీళ్లు ఎక్కడో ఎడంగా పడుతున్నాయి. అంతా చెక్కే కదా, తడిస్తే పుచ్చిపోతుంది. అందుకే చూరుని అంత ముందుకి లాగుతారు.

లాగితే సరిపోదు, పైన పెంకుల బరువుంది. తలెత్తి చూస్తే ఆ బరువుని ఎలా మోస్తున్నారో కనిపిస్తుంది, ఎందుకంటే ఈ ద్వారానికి సీలింగ్ లేదు, చూపు కప్పు దాకా పోతుంది. స్తంభాలకి తొలిచిన బెజ్జాల్లో దూర్చిన కొయ్య చేతులు, ఒకదాని మీద ఒకటి ఆరు వరసలుగా బయటికి చాచుకుని చూరుని పట్టుకుని ఉంటాయి. అడ్డ దూలాలు కూడా స్తంభాల గుండా దూసుకుపోతాయి. ఇదంతా ఊరికే చేయలేదు. ముందున్న ద్వారం 962లో పెనుగాలికి కూలిపోయింది. ఇప్పుడున్నది 1199లో నిలబెట్టింది, ఎత్తు సుమారు 25 మీటర్లు. అటూ ఇటూ ఎనిమిది మీటర్లు దాటిన కొయ్య ద్వారపాలకులు ఉంటారు, 1203లో చెక్కినవి. ఒకరు నోరు తెరిచి, ఒకరు మూసి. సంస్కృత అక్షరాల్లో మొదటి ధ్వని, చివరి ధ్వని అన్నమాట.

ఇక ఎర్ర గేటు. దాని పేరు తోరీ. అది షింతో గుళ్లది, అంటే జపాన్ వాళ్ల సొంత పాత మతం గుళ్లది. రెండు స్తంభాలు, పైన రెండు దూలాలు, అంతే. ఇక్కడి నుంచి దేవుడి చోటు అని చెప్పే గుర్తు, కాబట్టి తలుపులతో పని లేదు. పేరు వినగానే మన తోరణమే అనుకున్నాను. అలా అనేవాళ్లు ఉన్నారు కానీ పండితుల్లో అది తేలని వాదన.

క్యోటోలో ఫుషిమి ఇనారి కొండెక్కేటప్పుడు వందల తోరీలు వరసగా ఎర్రగా మాత్రమే కనిపిస్తాయి. దిగేటప్పుడు చూడండి, ప్రతి స్తంభం మీదా నల్లటి రాత! ఏ మంత్రాలో అనుకుని పక్కనున్న ఆఫీసు స్నేహితుణ్ణి చదవమన్నాను. కంపెనీ పేరు, ఇచ్చిన తేదీ. మన గుళ్లో ట్యూబ్‌లైటు మీద దాత పేరు రాసినట్టే, కాకపోతే ఇక్కడ చూడ్డానికి బాగుంది. మియాజిమా దీవి దగ్గర సముద్రపు నీళ్లలో నిలబడే తోరీ ఇంకో వింత. 1875 నాటిది, కర్పూరం చెట్టు మానులు, భూమిలో పాతలేదు. పై దూలాన్ని పెట్టెలా చేసి రాళ్లు నింపారు, ఆ బరువుకే నిలబడుతుంది.

ఏది బౌద్ధం, ఏది షింతో అని కప్పు చూసి చెప్పొచ్చా అంటే, ఒకప్పుడు చెప్పేవాళ్లు. పెంకుల పని బౌద్ధంతో పాటు కొరియా నుంచి 6వ శతాబ్దం చివర్లో వచ్చింది. ఇసే అనే ముఖ్యమైన షింతో ఆలయ సేవకి వెళ్లే రాకుమారి ఇంట్లో బౌద్ధ పదాలు పలకడం నిషేధం, అందుకని బౌద్ధాలయాన్ని 'పెంకుటిల్లు' అనేవారు! ఇసేలో మాత్రం ఇప్పటికీ గడ్డి కప్పే, ఇరవై ఏళ్లకోసారి గుడినే కొత్తగా కడతారు, కిందటిసారి 2013లో. కానీ ఈ గుర్తుని పూర్తిగా నమ్మకండి. క్యోటోలోని కియోమిజు-దెరా బౌద్ధాలయమే, ప్రధాన మందిరం కప్పు మాత్రం హినోకి చెట్టు బెరడు. ఆ పని చేసేవాళ్లు వెదురు మేకులు గుప్పెడు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే బయటికి తోస్తూ కొడతారు.

మీరు వెళ్తే ఒక జాగ్రత్త. ఒక గుడి ద్వారం దగ్గర, పైకప్పు చూస్తూ గడప మీద కాలేశాను. వెనకొస్తున్న పెద్దావిడ నా కాలు వైపు వేలు చూపించి తల అడ్డంగా ఊపింది. చిన్నప్పుడు ఇదే పనికి మా నాయనమ్మ చేతిలో ఎన్ని మొట్టికాయలు తిన్నానో.