ఇస్త్రీ పెట్టె కన్నా ముందు తడి గురించి చెప్పాలి

పాతకాలంలో ఇంట్లోనే ఉతికి ఇస్త్రీ చేసిన నూలు బట్టలకు అంత బిగువు ఎలా వచ్చేదని, ఇప్పుడు మంచి కరెంటు ఇస్త్రీ పెట్టె ఉన్నా అలా ఎందుకు రావడం లేదని అడిగారు. మా ఇంట్లో ఆ పనంతా అమ్మ చేసేది, పిల్లలం చేయి అందించేవాళ్లం. ఆ బిగువు ఇస్త్రీ పెట్టె ఇచ్చింది కాదండీ. జాడించడం, గంజి పెట్టడం, దులిపి ఆరేయడం, మళ్లీ తడి చేసి చుట్టిపెట్టడం, వీటితోనే ముప్పాతిక పని అయిపోయేది. ఇస్త్రీ వాటి మీద వేసే ముద్ర మాత్రమే.

ముందు రోజు రాత్రే బట్టలు నానేవి. తెల్లవి వేరు, రంగువి వేరు. బాగా మాసిన తెల్ల నూలు బట్టలను పెద్ద గిన్నెలో సబ్బు తురుము, బట్టల సోడా వేసి ఉడికించేది అమ్మ. మధ్యమధ్యలో కర్రతో తిప్పడం మా పని. సోడా ఎందుకో నాకు చాలాకాలం తరవాత అర్థమైంది. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే అవి సబ్బుతో కలిసి తెట్టు కట్టి బట్టనే అంటుకుంటాయి. నురగ రాదు, మురికీ వదలదు. సోడా వేస్తే కాల్షియం విడిగా పేరుకుపోతుంది, సబ్బు మురికి మీద పనిచేస్తుంది. పట్టు, ఉన్ని బట్టలను మాత్రం ఆ గిన్నె దరిదాపులకు రానిచ్చేది కాదు. అవి ప్రొటీన్ పోగులు, సోడా లాంటి క్షారం వాటిని తినేస్తుంది.

తరవాత నీలిమందు. పాతబడిన తెల్ల బట్టకు పసుపు ఛాయ వస్తుంది. లేత నీలం ఆ పసుపును కప్పేసి కంటికి తెలుపుగా చూపిస్తుంది. వెనకటి రోజుల్లో ఇందుకు ఎక్కువగా వాడిన అల్ట్రామెరైన్ అనే నీలం ఒకప్పుడు లాపిస్ లాజులి రాయిని నూరితే గానీ దొరికేది కాదు, చాలా ఖరీదు. 1820ల్లో ఫ్రాన్సులో దాన్ని కృత్రిమంగా తయారుచేసే పద్ధతి వచ్చాకే అది బట్టలు ఉతికే చోటికి దిగివచ్చింది. అమ్మ ఆ పొడిని గుడ్డలో మూటకట్టి బకెట్టు నీళ్లలో ఆడించేది. పొడి నేరుగా వేస్తే కరగని రేణువులు బట్ట మీద నీలి చుక్కలై కూర్చుంటాయి. రంగు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి దోసిట్లోకి నీళ్లు తీసుకుని వెలుతురులో చూసేది. అరచేతి గీతలు స్పష్టంగా కనిపించాలి, నీళ్లకు మాత్రం ఆకాశం ఛాయ ఉండాలి. ఆ తరవాతే ఒక్కో బట్టను ముంచి, ఆగకుండా తీసేది. అలాగే వదిలేస్తే మడతల్లో చారలు పడతాయి.

గంజి విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఇప్పుడు చాలామంది చిక్కగా పెట్టేస్తారు. చిక్కటి గంజి అట్టలు కడుతుంది, మడత దగ్గర పగులుతుంది, ముదురు రంగుల మీద తెల్లమచ్చలు వేస్తుంది. పలచటి గుడ్డలో వడగట్టి, చేతికి జిగురు తగిలీ తగలనట్టుగా పలచన చేసుకోవాలి. గంజితో ఇంకో మేలుంది. దుమ్ము, చెమట మరకలు చాలావరకు పోగుల్లోకి దిగకుండా గంజి పొర మీదే నిలుస్తాయి. మరుసటి ఉతుకులో గంజితో పాటే పోతాయి.

పిండిన బట్టను దండెం మీద వేసే ముందు రెండు కొసలు పట్టుకుని ఫట్‌మని దులపాలి. ఆ దులుపుతో సగం ముడతలు విడిపోతాయి. కాలరు, చేతుల పట్టీలు, కుట్లు వేళ్లతో లాగి సాపు చేయాలి. రంగు బట్టలైతే తిరగేసి నీడలో ఆరేయాలి. అమ్మ పూర్తిగా ఎండనిచ్చేది కాదు. “కాస్త చెమ్మ ఉండగానే తీసేయండి, ఎండిపోతే ముడత మొండికేస్తుంది” అనేది.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఈ చెమ్మలోనే ఉంది. నూలు పోగుల్లో ఉండేది సెల్యులోజ్ అనే పదార్థం, దాని అణువులు పొడవాటి గొలుసుల్లా ఉంటాయి. ఆ గొలుసులను ఒకదానితో ఒకటి పట్టి ఉంచేవి హైడ్రోజన్ బంధాలనే చిన్న చిన్న పట్లు. బట్ట నలిగి ఎండినప్పుడు ఆ నలిగిన ఆకారంలోనే అవి బిగుసుకుంటాయి. నీళ్లు తగిలితే సడలుతాయి. వేడి, బరువు పడి తడి ఆవిరైపోతే కొత్త ఆకారంలో మళ్లీ బిగుస్తాయి. పొడి బట్ట మీద పెట్టెను ఎంతసేపు రుద్దినా బట్ట మెరుస్తుంది గానీ సాపు కాదు. అందుకే అమ్మ గిన్నెలో వేళ్లు ముంచి సన్నగా చిలకరించి, బట్టను గట్టిగా చుట్టచుట్టి, పైన దుప్పటి కప్పి ఉంచేది. కాసేపటికి తడి అంతటా సమానంగా పాకేది. విప్పితే చల్లగా తగలాలి, చేతికి నీరు అంటకూడదు. ఆవిరి పెట్టె పలచటి బట్టలకు చాలు. గంజి పెట్టిన దళసరి నూలుకు మాత్రం ఈ చుట్టకు సాటిలేదు.

మాది బొగ్గుల పెట్టె. బరువైన ఇనుము, కర్ర పిడి, పక్కల రంధ్రాలు. బొగ్గులు ఆరుబయటే రాజేయాలి, పొగ పూర్తిగా పోయి ఎర్రబడ్డాకే పెట్టెలో వేయాలి. మూసిన గదిలో అసలు పనికిరాదు. కంటికి కనిపించని, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. నిప్పులు నివురు కప్పితే పెట్టెను బయటికి తీసుకెళ్లి అటూ ఇటూ ఊపేవాళ్లం. బూడిద అక్కడే రాలిపోవాలి, బట్ట మీద కాదు. వేడిని తగ్గించే మీట లేదు కాబట్టి వరసే మీట. నిప్పులు మంచి కాక మీద ఉండగా దళసరి నూలు, తగ్గుముఖం పట్టాక పలచటివి, చివర్లో పట్టు. నూలుకు సుమారు 200 డిగ్రీల సెల్సియస్ సరిపోతుంది, పట్టుకు 150 దాటకూడదు. అమ్మకు ఈ అంకెలు తెలియవు, పాత గుడ్డ మీద ఒక్కసారి రాసి రంగు చూసి చెప్పేసేది. కరెంటు ఇస్త్రీ పెట్టెకు హెన్రీ సీలీ అనే ఆవిష్కర్త 1882లోనే న్యూయార్క్‌లో పేటెంటు తీసుకున్నా, తొలినాటి పెట్టెల్లో వేడిని అదుపు చేసే ఏర్పాటు ఉండేది కాదు. కాబట్టి కరెంటు వచ్చిన చోట కూడా చాలాకాలం ఈ గుడ్డ పరీక్షే దిక్కు.

ఆ చాకిరీ మళ్లీ రావాలని నేను కోరుకోను. సోడా నీళ్లకు అమ్మ వేళ్ల చివర్లు పగిలి మండేవి. రాత్రి భుజం పట్టేసేది. ఉతికే యంత్రం ఆ బాధ తప్పించింది, అది నిజంగా గొప్ప మేలు. మీరూ యంత్రంలోనే ఉతకండి. గంజి పలచగా పెట్టండి, దులిపి ఆరేయండి, చెమ్మ ఉండగా తీసి చుట్టిపెట్టండి. చొక్కా అయితే కాలరు కొసల నుంచి మధ్యకు, తరవాత పట్టీలు, చేతులు, చివరగా ముందువైపు, వీపు. ఇస్త్రీ కాగానే మడతపెట్టకండి. లోపల వెచ్చదనం, కాస్త తడి ఇంకా ఉంటాయి, ఆ స్థితిలో మడిస్తే కొత్త ముడతలు బిగుసుకుంటాయి. హ్యాంగరుకు తగిలించి, బాగా చల్లారాకే బీరువాలో పెట్టండి.