ఎన్నారై సందేహాలు: ప్రియొరాట్ కొండల్లో ఒక్కదాన్నే పరుగెత్తవచ్చా?

చెల్లెమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. స్పెయిన్‌లో తర్రగోనాకు పరిశోధనకు చేరావు, హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు చుట్టూ పరుగెత్తే అలవాటు ఉంది, ఇక్కడి సముద్రపు ఒడ్డు అప్పుడే విసుగు పుట్టించింది, ప్రియొరాట్ కొండల ఫొటోలు చూసి మనసు అటు లాగింది. బూట్లేవి కొనాలి, ఏ దారితో మొదలుపెట్టాలి, కారు లేకుండా ఎలా చేరాలి అని మూడు ప్రశ్నలు అడిగావు. అవన్నీ అయ్యాక చివర్లో, "ఒక్కదాన్నే వెళ్తాను, ఇక్కడ నాకు ఎవరూ తెలియదు" అని ఒక ముక్క రాశావు. నేను జవాబు రాస్తున్నది ఆ ముక్కకే. మిగిలినవి ఎవరైనా చెబుతారు.

అడిగావు కాబట్టి వాటినీ ముగించేస్తాను. ప్రియొరాట్‌లోని మోన్‌సాంట్ కొండ గులకరాళ్లు కలిసి గట్టిపడిన రాయి, తడిసిందంటే జారుతుంది. కింద ద్రాక్షతోటల్లో ఉన్నది నల్లటి పలకరాయి, అంచులు కోసుకుంటాయి. గట్టి పట్టున్న బూట్లు చాలు, ఖరీదైనవి అక్కరలేదు. మేజోళ్లు మాత్రం మోకాళ్ల దాకా ఉండాలి, లేకపోతే ముళ్ల ఆకుల పొదలు పిక్కలను గీకేస్తాయి. నీకు దగ్గరి పట్నం రెయుస్ నుంచి ప్రియొరాట్‌లోని కోర్నుదెల్యా ఊరికి బస్సుంది, అక్కడి ఫల్సెట్ వైపు రైలుంది. ఆదివారం రెండూ తక్కువే, వేళలు చూసుకుని బయలుదేరు. తెల్ల, ఎర్ర గీతలు దూరపు బాటలకు, తెల్ల, పసుపు గీతలు చిన్న బాటలకు గుర్తు. ఇంటూ గుర్తు కనబడితే అది నీ దారి కాదు. మోన్‌సాంట్ ప్రకృతి పార్కు నిబంధనలు ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్నాయి, చదువుకోగలవు.

ఇక అసలు సంగతి. ఆ కొండ తీరు తెలియకుండా అక్కడికి వెళ్లకూడదు. మోన్‌సాంట్ దక్షిణం వైపు నిటారు గోడలా లేచి, పైన సెర్రా మజోర్ అనే పొడవాటి మిట్టగా సాగుతుంది. ఎత్తైన చోటు రోకా కొర్బతేరా, 1,163 మీటర్లు. గోడ కింద లా మొరేరా గ్రామం. గోడకు అక్కడక్కడా ఉన్న చీలికల గుండానే పైకి ఎక్కాలి, వాటి గుండానే దిగాలి. వాటిని గ్రావులంటారు. ఒకదానిలో ఇనుప కమ్ములు పట్టుకుని ఎక్కాలి, మరొకటి మనిషి పక్కకు తిరిగి దూరేంత సన్నం. పరుగు కోసం తీర్చిన బాటలు కావివి. కంచరగాడిదలు నడిచినవి, బొగ్గు కాల్చేవాళ్లు, సన్యాసులు నడిచినవి. 1893లో ఫిలోక్సెరా పురుగు ద్రాక్షతోటలను తినేశాక జనం ఊళ్లు వదిలి వెళ్లిపోయారు. తర్వాత ద్రాక్షసారా పేరుతో ప్రియొరాట్ మళ్లీ లేచినా, పాతికకు దగ్గరగా ఊళ్లున్న ఈ ప్రాంతం మొత్తంలో జనాభా ఇప్పటికీ పదివేల లోపే. బాటలున్నాయి, వాటి మీద మనుషులు లేరు. నీకు ఫొటోల్లో నచ్చింది అదే, నాకు భయం కలిగించేదీ అదే.

నేను రెయుస్‌లో ఉద్యోగానికి వచ్చిన మొదటి శీతాకాలం. శుక్రవారం సాయంత్రం ఆఫీసు తలుపు దాటితే సోమవారం పొద్దున దాకా నోరు విప్పి ఒక్క మాట మాట్లాడని వారాలుండేవి. ఇక్కడ రాత్రి ఎనిమిదైతే అక్కడ పన్నెండున్నర, అమ్మకు ఫోను చేయలేను. అందుకే పరుగు మొదలుపెట్టాను. అలసిపోతే నిద్ర వస్తుంది, నిద్ర వస్తే ఆదివారం గడుస్తుందని లెక్క. నవంబరులో ఒక ఆదివారం లా మొరేరా నుంచి ఇనుప కమ్ముల గ్రావు ఎక్కి, సెర్రా మజోర్ మీద పడమటికి పరుగెత్తాను. రోజ్‌మేరీ పొదలు, గాలి, దూరంగా సముద్రం. ఎంత హాయిగా ఉందంటే తిరిగి రావాల్సిన వేళ మరిచాను.

వెనక్కి తిరిగేసరికి మంచు కమ్మింది. నవంబరులో అయిదున్నరకే పొద్దు గుంకుతుంది. ఎక్కిన గ్రావు కోసం కొండ అంచు వెంబడి వెతుకుతుంటే మంచు కాసేపు విడిపోయి, కాళ్ల కింద లా మొరేరా దీపాలు కనిపించాయి. ఇంటి కిటికీలు లెక్కపెట్టగలిగేంత దగ్గర. దిగే దారి మాత్రం లేదు, అంచు తెగిపడి ఉంది. ఫోనుకు సిగ్నల్ లేదు. అప్పుడు నాకు చావు భయం కలగలేదమ్మా. ఈ దేశంలో నేను కనబడలేదని సోమవారం పది గంటల దాకా ఎవరికీ తెలియదు, తెలిసినా ఎక్కడ వెతకాలో తెలియదు అన్న ఆలోచన వచ్చింది. దానితోనే చేతులు వణికాయి.

చివరికి మరో గ్రావు మొదట్లో పార్కువాళ్లు పాతిన గుర్తు స్తంభం చేతికి తగిలింది. రాయి తడుముకుంటూ, కూర్చుని జరుగుతూ దిగాను. ఊళ్లోకి వచ్చేసరికి ఒక పెద్దావిడ ఇంటి ముందు ఆలివు కోతకు పరిచే వలలు మడత పెడుతోంది. నన్ను చూసి మొదట అడిగింది ఒకటే: ఎవరింటి అమ్మాయివి? ఇక్కడి పల్లెల్లో మనిషిని ఇంటితో గుర్తుపడతారు. నా దగ్గర జవాబు లేదు. ఆవిడ లోపలికి తీసుకువెళ్లి, రొట్టె ముక్క కాల్చి, టమాటాను అడ్డంగా కోసి దాని మీద గట్టిగా రుద్ది, ఉప్పు చల్లి, ఆ ఏడు తీసిన పచ్చని ఆలివు నూనె ధారగా పోసింది. అది తిన్నాకే మాట్లాడనిచ్చింది. కొడుకు చేత కారులో రెయుస్ పంపిస్తూ, మళ్లీ వచ్చినప్పుడు ఏ గ్రావు ఎక్కుతావో, ఏది దిగుతావో తనకు చెప్పి కదలమని మాట తీసుకుంది. ఆ మాట నేను తప్పలేదు. ఇప్పుడు ఆ ఊళ్లో నాకొక ఇల్లుంది, ఎవరింటి అమ్మాయినో చెప్పగలను. భాష రాకుండా, బంధువు లేకుండా వచ్చినదాన్ని ఇంతవరకు వచ్చాను. నువ్వూ రాగలవు, కానీ నాలా చీకట్లో పడి రానక్కరలేదు.

నీకు దగ్గరి దారి ఉంది. మనమున్న ఈ కతలూనియా ప్రాంతంలో ఇంచుమించు ప్రతి పట్నంలో కొండనడక సంఘం ఉంటుంది, సెంత్రె ఎస్కుర్సియొనిస్తా అంటారు. బార్సిలోనాలో మొదటిది 1876లోనే పుట్టింది. సభ్యత్వం పెద్ద ఖర్చు కాదు. దాని ద్వారా ఫెడరేషన్ కార్డు తీసుకుంటే కొండ మీద ప్రమాదాలకు బీమా కూడా వస్తుంది. వారాంతపు నడకలుంటాయి. మీ వయసువాళ్లకు వేగం తప్ప మరొకటి కనబడదు, "ముసలివాళ్లతో నడకా" అనుకుంటావు. అరవై దాటినవాళ్లు ఎగువదారిలో నిన్ను వెనకేసి వెళ్తారు, అప్పుడు తెలుస్తుంది. కొండ పరుగుల్లో పేరుమోసిన కిలియన్ జోర్నెట్ పరుగులు నువ్వూ చూసే ఉంటావు, అందులో ఆయన ఒంటరిగా కనిపిస్తాడు. ఆయన తండ్రి పిరనీస్ పర్వతాల్లో కొండ మీది ఆశ్రయగృహానికి కాపరి, ఆయన పెరిగింది అక్కడే. కొండ తెలిసిన మనుషుల మధ్య పెరిగినవాడి ఒంటరి పరుగు వేరు, నీదీ నాదీ వేరు.

వేట సంగతి కూడా ఊరివాళ్లే చెబుతారు. శరదృతువు నుంచి శీతాకాలం చివరిదాకా, ముఖ్యంగా శని ఆదివారాల్లో, అడవిపందుల కోసం జట్టుగా తరిమే వేట ఉంటుంది. బాట మొదట్లో బతుదా, అంటే ఆ తరిమే వేట, అన్న బోర్డు కనబడితే ఆ పూటకు ఆ కొండను వదిలెయ్యి. ఎటు వైపు వేటో ముందురోజే ఊరి రొట్టెల దుకాణంలో తెలిసిపోతుంది, ఏ యాప్‌లోనూ తెలియదు. వేసవిలో అగ్నిప్రమాద హెచ్చరిక పై స్థాయికి చేరితే కొండల్లోకి ప్రవేశమే మూసేస్తారు. అప్పుడు గొణగకు. తెర్రా ఆల్తా ప్రాంతంలోని ఓర్తా దె సాంట్ జువాన్ దగ్గర 2009 జులైలో మంటలు ఆర్పుతూ అయిదుగురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఇక్కడివాళ్లు దాన్ని మరిచిపోలేదు. ఊటలను నమ్ముకోకు, నీళ్లు మోసుకెళ్లు. కరవుకు ఇక్కడి సియురానా జలాశయమే అడుగంటిన ఏళ్లున్నాయి.

ఫోనులో పటం ముందే దించుకో, కాగితం పటం కూడా పెట్టుకో. అత్యవసరమైతే 112. ఆ సేవకు యాప్ కూడా ఉంది, నువ్వున్న చోటును పంపుతుంది. కానీ గోడ కింద సిగ్నల్ లేని చోట్లు చాలా ఉన్నాయి. అందుకే బయలుదేరే ముందు ఒక మనిషికి సందేశం పెట్టాలి: ఎక్కే గ్రావు, దిగే గ్రావు, ఊరు చేరే వేళ, ఆ వేళకు కబురు రాకపోతే ఎవరికి ఫోను చేయాలో. ఆ మనిషి హైదరాబాద్‌లో ఉంటే లాభం లేదు, అమ్మకు దిగులు తప్ప. బార్సిలోనాలో ఉగాదికి కలిసే మనవాళ్లు మంచివాళ్లే, కానీ వాళ్లకు గ్రావు అంటే ఏమిటో తెలియదు. ఆ మనిషి ఇక్కడే ఉండాలి.

బాటలో ఎదురైన ప్రతివారికీ బోన్ దియా చెప్పు, తల దించుకుని వెళ్లిపోకు. వాళ్లు నిన్ను గుర్తుపెట్టుకుంటారు, సాయంత్రం ఎవరైనా అడిగితే ఫలానా అమ్మాయి ఫలానా వైపు వెళ్లిందని చెబుతారు. మాంసం తినవని ముందే చెబితే నడక తర్వాత భోజనంలో కాల్చిన వంకాయ, మిరపకాయల ఎస్కలివాదా పెడతారు. సిగ్గుపడి ఆకలితో కూర్చోకు.

మొదటి దారిగా లా మొరేరా నుంచి ఎస్కలాదేయ్‌కు దిగే బాట చాలు. కింద 1194లో స్థాపించిన మఠం శిథిలాలున్నాయి, తీరిగ్గా చూడు. గ్రావులు తర్వాత ఎక్కవచ్చు. సంఘంలో చేరాక నాకు రాయి, అక్టోబరులో వాళ్ల నడక ఏ ఆదివారమో చూసి నేనూ వస్తాను. కోర్నుదెల్యాలో బస్సు ఆగే చోట నిలబడతాను. నారింజ రంగు చొక్కా వేసుకుని రా, వేటకాళ్లకు దూరం నుంచి కనబడుతుంది.