ఆ రెండు డిగ్రీలు ఎక్కడికి పోయాయి?

ప్రశ్న: రాగి కెలోరీమీటర్ (ఉష్ణం కొలిచే ప్రయోగాల గిన్నె)లోని 30 డిగ్రీల నీళ్లు 100 గ్రాములకు 60 డిగ్రీల నీళ్లు 100 గ్రాములు కలిపితే 45 డిగ్రీలు రావాలి కదండీ? మా పదో తరగతి పిల్లలకు 43 వచ్చింది. ఎందుకు?
– భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని

జవాబు: గిన్నె కూడా వేడెక్కిందండీ, దాన్ని లెక్కలో వదిలేశారు. రాగి విశిష్టోష్ణం, అంటే ఒక గ్రామును ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన ఉష్ణం, 0.095 కెలోరీలు; నీటికది 1 కెలోరీ. గిన్నె 100 గ్రాములుంటే 9.5 గ్రాముల నీటితో సమానం. అప్పుడు లెక్క ప్రకారమే 44.3 వస్తుంది. మిగతాది ఎక్కువగా పోసేటప్పుడు గాలికి పోయింది. వేడినీటి ఉష్ణోగ్రత పోసే క్షణానికి ముందే చూడండి, ఆగకుండా కలుపుతూ గరిష్ఠ రీడింగే రాయించండి. గిన్నె చుట్టూ దూది తప్పనిసరి.

తర్వాత వేడినీళ్లున్న గిన్నెలో చల్లనీళ్లు పోయించండి. ఈసారి గిన్నే వేడినిస్తుంది, లెక్క 45.7కు పెరుగుతుంది. ఉష్ణం, ఉష్ణోగ్రత వేరని పిల్లలకు అక్కడే బాగా తెలుస్తుంది.