స్పార్క్ ప్లగ్ మర పోయింది సరే, ఆ కెమెరా యాప్‌కి మీ కాంటాక్ట్స్ ఎందుకు?

మళ్లీ అదే ఉత్తరం, రాసిన మనిషే వేరు. ఈసారి వచ్చింది ఇది: "కార్ స్పార్క్ ప్లగ్‌లు నేనే మార్చుకుందామని కూర్చున్నానండీ, రెండో సిలిండర్‌లో ప్లగ్ వంకరగా ఎక్కి ఇంజిన్ హెడ్‌లో మర, అదే ప్లగ్ బిగిసే చుట్లు, పోయింది. ఎంత తిప్పినా బిగియట్లేదు, పీ0302 కోడ్ వస్తోంది. లోపల చూద్దామని ఫోన్‌కి పెట్టుకునే ఎండోస్కోప్ కెమెరా కొన్నా, దాని యాప్ లొకేషన్, కాంటాక్ట్స్ రెండూ అడుగుతోంది. ఇవ్వొచ్చా? మర ఇంట్లో బాగుచేసుకోవచ్చా?"

మర బాగుచేసుకోవచ్చు. కాంటాక్ట్స్ ఇవ్వకండి.

ముందు ఆ కోడ్ సంగతి. పీ0302 అంటే రెండో సిలిండర్ మిస్‌ఫైర్ అవుతోందని, అంటే అందులో ఇంధనం సరిగ్గా మండట్లేదని, అంతకుమించి ఇంకేం లేదు. ఆ సిలిండర్ వంతు వచ్చినప్పుడల్లా క్రాంక్ షాఫ్ట్ ఒక్క పిసరు వెనకబడుతోందని కంప్యూటర్ కనిపెట్టింది, ఎందుకో దానికి తెలీదు. ఇది తెలియక కోడ్ చూడగానే కాయిల్ మార్చి, తగ్గకపోతే ఇంజెక్టర్ మార్చి, అదీ అయ్యాక నాకు రాసేవాళ్లు ఎంతమందో. ప్లగ్ గుంతలోంచి "చిక్ చిక్" మని గాలి కొడుతుంటే చెవికి వినిపిస్తుంది, దానికి స్కానర్ అక్కర్లేదు. ఇంకోమాట, ఆ వదులు ప్లగ్‌తో బండి నడపకండి, కంప్రెషన్‌కి అది కాయిల్‌తో సహా ఎగిరి బయటికి రాగలదు.

లోపల మొదటి రెండు మూడు చుట్లే నలిగి మిగతాది బాగుంటే వెనక నుంచి మర సరిచేసే ట్యాప్ (మర కోసే పనిముట్టు) దొరుకుతుంది, సన్నగా లోపలికి దిగి అక్కడ విచ్చుకుని, బాగున్న మరని పట్టుకుని బయటికి వస్తూ నలిగిన చుట్లని సరిచేస్తుంది. మొత్తం పోయిందా, ఇన్సర్టే గతి, అంటే గుంతలో కూర్చోబెట్టే కొత్త మర ముక్క. తీగ చుట్టలా ఉండే హెలీకాయిల్ ఒక రకం, లోపలా బయటా మర ఉన్న గట్టి స్టీల్ బుష్ ఇంకో రకం. ప్లగ్ విషయంలో నా ఓటు బుష్‌కే, ఎందుకంటే తీగ చుట్ట సరిగ్గా కూర్చోకపోతే తర్వాతిసారి ప్లగ్ విప్పితే దాంతోపాటే చుట్ట కూడా ఊడొస్తుంది. కిట్ కొనేముందు పాత ప్లగ్ చేత్తో పట్టుకుని కొలవండి, చాలా కార్లలో ఎం14×1.25 (మర మందం 14 మిల్లీమీటర్లు, చుట్టుకీ చుట్టుకీ దూరం 1.25), కొత్త ఇంజిన్లలో ఎం12 కూడా వస్తోంది, మర పొడుగు 19 మిల్లీమీటర్లా 26.5 మిల్లీమీటర్లా అన్నది కూడా చూడాలి. ఇన్సర్ట్ పొడుగెక్కువైతే కింద కొస లోపలికి వేలాడి ఎర్రగా కాలుతుంది, దాంతో కొత్త తలనొప్పి.

ట్యాప్ కొట్టేటప్పుడు పిస్టన్ పైన లేకుండా కిందికి దించుకోండి. ట్యాప్ గాడుల నిండా గ్రీజు కూరండి, రజను దానికి అంటుకుంటుంది. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి, మధ్యమధ్యలో బయటికి తీసి తుడిచి మళ్లీ గ్రీజు. వీడియోల్లో ఈ భాగాన్నే ఫాస్ట్ ఫార్వర్డ్ చేస్తారు, నాకు ఒళ్లు మండేది అక్కడే, అసలు పని అదే కదా! అయ్యాక వాక్యూమ్‌కి సన్న గొట్టం తగిలించి లాగండి, తర్వాత ఫ్యూయల్, స్పార్క్ రెండూ రాకుండా చేసి ప్లగ్ లేకుండానే ఇంజిన్‌ని కాసేపు సెల్ఫ్ కొట్టండి, మిగిలిన రజను గాలితో బయటికి ఎగురుతుంది, ఆ గుంత మీద మొహం పెట్టకండి. పిస్టన్ మీద ఒక్క మెరుపు ముక్క మిగిలినా సిలిండర్ గోడ గీరుకుపోతుంది కాబట్టి, కెమెరా నిజంగా పనికొచ్చేది ఇప్పుడే.

సరే, కెమెరా దగ్గరికొచ్చాం కాబట్టి నాకు నిద్ర పట్టనివ్వని విషయం చెప్తా. ఈ వైఫై ఎండోస్కోప్‌లు చాలావరకు పాస్‌వర్డ్ లేని హాట్‌స్పాట్ పెట్టుకుంటాయి, పక్కనున్నవాడు కూడా మీ సిలిండర్ దర్శనం చేసుకోవచ్చు, అది పోనీలెండి. డబ్బా మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, స్కాన్ చేస్తే కొన్నిసార్లు ప్లే స్టోర్‌కి కాకుండా ఎక్కడిదో ఏపీకే ఫైల్ (యాప్‌ని నేరుగా ఎక్కించే ఫైల్) దగ్గరికి తీసుకెళ్తుంది, ఫోన్ "తెలియని సోర్స్" అని మొత్తుకుంటున్నా చేతికి గ్రీజుతో ఉన్న మనిషి విసుగ్గా అలౌ, అలౌ, అలౌ కొట్టేస్తాడు. లొకేషన్ అడగడానికి ఒక సాకు ఉంది, పాత ఆండ్రాయిడ్‌లో దగ్గర్లోని వైఫై పరికరానికి కనెక్ట్ అవ్వాలంటే చాలాసార్లు ఆ పర్మిషనే కావాలి, 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి దానికి వేరే పర్మిషన్ పెట్టారు. కాంటాక్ట్స్‌కి మాత్రం ఏ సాకూ లేదు. ఎస్సెమ్మెస్ అడిగినా, యాక్సెసిబిలిటీ ఆన్ చెయ్యమన్నా ఆ క్షణమే తీసెయ్యండి, యాక్సెసిబిలిటీ ఇచ్చారంటే ఆ యాప్ మీ స్క్రీన్ మీదున్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు, మీ బ్యాంకు యాప్ తెరిచి ఉన్నప్పుడు కూడా.

దారి చాలా సింపుల్. యూఎస్‌బీ రకం కొనండి. అందులో చాలావాటిని ల్యాప్‌టాప్ మామూలు వెబ్‌క్యామ్‌లాగే గుర్తుపడుతుంది, కంపెనీ యాప్‌తో పనే ఉండదు. పైగా ఫోన్ అప్‌డేట్ అయిన రోజు యాప్ తెరుచుకోక కెమెరా చెత్తబుట్టకి పోయే బాధ కూడా తప్పుతుంది. బాగా పనిచేసే లెన్సు, బాగా పనిచేసే లైటు, వాటిని దిక్కుమాలిన యాప్‌కి కట్టేసి చంపడం ఏం డిజైనో నాకు అర్థం కాదు.

కారు డాష్‌బోర్డ్ కింది పోర్ట్‌కి గుచ్చి కోడ్ చదివే బ్లూటూత్ డాంగిల్‌ది కూడా ఇదే కథ. చాలావాటికి పిన్ 1234 లేదా 0000, పని అయ్యాక కూడా పోర్ట్‌లోనే వదిలేస్తారు, ఆ పోర్ట్‌కి బండి ఆపినా కరెంట్ వస్తూనే ఉంటుంది, బ్యాటరీ తాగుతుంది. 2015లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు ఇలాంటి పోర్ట్‌కి పెట్టిన, ఇన్సూరెన్స్ కంపెనీలు వాడే డాంగిల్‌కి ఎస్సెమ్మెస్‌లు పంపి కారు బ్రేకులు ఆడించి చూపించారు. బ్రేకులండీ బాబూ! కోడ్ చెరిపారా, పీకేసి డ్రాయర్‌లో పడెయ్యండి.

మళ్లీ మర పోకుండా ఉండాలంటే, ఇంజిన్ చల్లారాక ప్లగ్ పై కొసకి రబ్బరు గొట్టం ముక్క తొడిగి లోపలికి దించి, మొదట వెనక్కి తిప్పండి, మర మీద మర జారి "టక్" మని వేళ్లకి తెలుస్తుంది, అప్పుడు ముందుకి తిప్పండి. వంకరగా ఎక్కుతుంటే రబ్బరు జారిపోతుంది కానీ మర పోదు.

ఇంకొకరు "టార్క్ రెంచ్ లేదు, ఫోన్‌తో టార్క్ కొలిచే యాప్ ఏదైనా చెప్పండి" అన్నారు. టార్క్ అంటే తిప్పే బలం, దానికి యాప్ ఎందుకండీ, కొక్కెం ఉన్న స్ప్రింగ్ కాటా చాలు. అల్యూమినియం హెడ్‌లో వాషర్ ఉన్న 14 మిల్లీమీటర్ల ప్లగ్‌కి మామూలుగా 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, మీ బండి మాన్యువల్‌లో వేరేగా ఉంటే అదే ఫైనల్. రాచెట్ పిడి మీద ప్లగ్ మధ్య నుంచి 25 సెంటీమీటర్ల దగ్గర కొక్కెం తగిలించి, పిడికి 90 డిగ్రీల కోణంలో లాగితే 11 కిలోల దగ్గర సుమారు 27 వస్తుంది. మరకి నూనెగానీ యాంటీసీజ్ (మర పట్టేయకుండా పూసే జిడ్డు) గానీ పూసి ఉంటే మాత్రం ఆ లెక్కతో లాగకండి, జారుడు మర అదే టార్క్‌కి ఎక్కువ బిగుస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది కథ.