పట్టా లేని చెంచులు అడవి మీద హక్కు ఎలా రుజువు చేసుకుంటారు?

‘తరతరాలుగా ఇక్కడే ఉన్నాం అంటే ఆఫీసులో ఎవరు ఒప్పుకుంటారు?’ అని ఒకరు నన్ను అడిగారు. నల్లమలలో అమ్రాబాద్ వైపు పెంటల్లో (చెంచుల గూడేలను అలాగే పిలుస్తారు) కొన్నాళ్లు అటవీ హక్కుల దరఖాస్తులు నింపడానికి సాయం చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మొదట్లో నేనూ కాగితాల కోసమే వెతికాను. రేషన్ కార్డు, ఓటరు కార్డు తప్ప ఏమీ దొరకలేదు. పైగా ఒక అధికారి ‘ఉపగ్రహ ఫొటోలో చెట్లే ఉన్నాయి, సాగు ఎక్కడ?’ అని దరఖాస్తు తిప్పి పంపితే మాట్లాడకుండా వచ్చేశాను. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. గడ్డలు తవ్వుకుని, తేనె తీసి బతికేవాళ్ల జాడ ఆకాశం నుంచి ఎలా కనిపిస్తుంది?

తర్వాత ఒక పెద్దాయన ‘రా బిడ్డా, చూపిస్తా’ అని అడవిలోకి తీసుకెళ్లాడు. ప్రతి వంకకూ, ప్రతి బండకూ పేరుంది. ఎండాకాలం ఊరే చెలమ ఒకచోట, వాళ్ల నాయనను పూడ్చిన చోటు ఇంకోచోట. ఒక చరియ దగ్గర ఆగి, అక్కడ తేనె తీసే హక్కు ఏ ఇంటివాళ్లదో చెప్పాడు. నార తాడు పట్టుకుని కిందికి దిగేవాడికి పైన కాపలా ఉండేది బావమరిదేనట. తోబుట్టువు పసుపు కుంకుమలు ఆ తాడు మీదే ఉన్నాయి కాబట్టి చేయి వదలడని నమ్మకం. తేనెపట్టు మొత్తం కోయరు, కొంత తేనెటీగలకు వదిలేస్తారు.

ఇవన్నీ చట్టం ఒప్పుకునే సాక్ష్యాలే. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నియమాల్లో 13వది చదవండి. బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు, రాసి పెట్టిన పెద్దల వాంగ్మూలం అందులో ఉన్నాయి. కనీసం రెండు సాక్ష్యాలు జతచేయాలి. 2012 సవరణ ప్రకారం ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటి బదులు కాదు. అందుకే ఎకరాల లెక్కన వ్యక్తిగత పట్టాకే పరిమితం కాకుండా, సామూహిక హక్కు (ఊరంతా కలిసి అడవిని వాడుకునే హక్కు) కోసం కూడా తప్పకుండా దరఖాస్తు పెట్టించండి.

2019లో అమ్రాబాద్‌లో యురేనియం సర్వే మాట వచ్చినప్పుడు పెంటల్లో చాలా టెన్షన్ పడ్డారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది. అయినా గ్రామసభ చేతిలో రాసిన హక్కు ఉంటే ఆ ధైర్యమే వేరు. ఒడిశా నియమగిరిలో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2013లో 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి, ఆ గని ఆగింది.

ఇంకో రెండు మాటలు. వాంగ్మూలం ఇచ్చే పెద్దలు దరఖాస్తుదారులు కాకూడదు, కాబట్టి మేం పక్క పెంట నుంచి పిలిపించాం. ఇక పటం గీయడానికి మొదట మగవాళ్లతోనే తిరిగి పొరపాటు చేశాం. మళ్లీ ఆడవాళ్లతో వెళ్తే గడ్డలు దొరికే చోట్లు, చిన్న చెలమలు ఎన్నో కొత్తగా పటంలోకి ఎక్కాయి.